మా అమ్మ చేసిన అనధికార ఎర్తింగు

మా కాలనీలో ఎవరింటికైనా వస్తే చెప్పులు గుమ్మం బయట విడవకండి. వేసుకునే లోపలికి రండి. వంటింట్లోకి వెళ్ళినా, దేవుడి మందిరం ముందు నిలబడినా చెప్పులు కాళ్ళకే ఉండాలి. అది మా నియమం. మీరు అతిథులు గనక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. తాఖీదు మాకొస్తుంది.

సంగతి తెలియని వాళ్ళు మమ్మల్ని ఆచారం లేని మనుషులనుకుంటున్నారు. ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళు కూడా కాస్త ఆలోచిస్తున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు వీరభద్రం. గోనెసంచుల ప్రామాణిక మండలిలో సూపరింటెండెంటుని. ధాన్యం ఏ గోనెలో పొయ్యాలో, మిరపకాయలు ఏ గోనెలో తొక్కాలో, దాని మూతి ఎలా కుట్టాలో మా మండలి నిర్ణయిస్తుంది. రైతులు చేతికి దొరికిన గోనెలో పోసుకుంటారు. ఈ ఏర్పాటు ఇరుపక్షాలకూ బాగానే ఉంది. మండలిలో తాఖీదులు రాసే పని నాది. నా తాఖీదు అందుకున్నవాడు తన తప్పేమిటో తనే కొత్తగా తెలుసుకుంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

కాలవగట్టు పక్కన మండలి కట్టించిన క్వార్టర్లలో మేం ఉంటాం. నేనూ, నా భార్య కనకవల్లీ, మా అమ్మ సీతారావమ్మా. ఈ ఇంట్లో దిగిన రోజున అమ్మ పెరట్లోకి వెళ్ళి, మోకాలెత్తు ఇటుక కట్టడం ఒకటి చూసి రెండు చేతులూ జోడించింది.

"ఒరే, మీ మండలి వాళ్ళకి ఎంత భక్తిరా! ఇంటింటికీ తులసికోట కట్టించారు!"

నిజంగానే ప్రతి ఇంటి వెనకా ఒకటుంది. మొక్క వాలిపోకుండా మధ్యలో ఇనప గొట్టం కూడా పాతారు. అమ్మ మట్టి తవ్వితే లోపల బొగ్గులూ ఉప్పూ బయటపడ్డాయి. స్థలశుద్ధికి హోమం చేసి ఉంటారని అమ్మ ఆ బొగ్గు కాస్త బొట్టు పెట్టుకుంది. హోమం మరీ గట్టిగా చేశారేమో, మొదట నాటిన తులసి చచ్చిపోయింది. పైన రెండు తట్టల కొత్తమట్టి వేశాక బతికింది. గొట్టానికి చుట్టి ఉన్న లావుపాటి తీగ ఒకటి గోడ దాకా వచ్చి ఊరికే వేలాడుతుంటే, కనకవల్లి దాన్ని కిటికీ ఊచకు కట్టి దండెం చేసుకుంది. ఎంత తడిబట్టలు వేసినా తెగేది కాదు. పక్కింటి దయానందం భార్య సువార్త తమ కోటలో గులాబీ పెట్టింది. ఒకరు కరివేపాకు వేశారు. మరొకరు అంట్లు తోముకునే బూడిద పోసుకునేవారు. ఎవరి భక్తి వాళ్ళది.

ఇలా సుఖంగా ఉండగా మా ఫ్రిజ్జు కరవడం మొదలుపెట్టింది.

మూడు కన్నాల ప్లగ్గు వంటింట్లో దేవుడి మూల ఒక్కటే ఉండడం చేత ఫ్రిజ్జూ దేవుడి మందిరమూ పక్కపక్కనే ఉంటాయి. అమ్మ పూజ చేస్తూ తలుపుకి చెయ్యి తగిలినప్పుడల్లా జివ్వుమనేది. మొదట్లో అమ్మ అది దేవుడి మహిమ అనుకుంది. తరవాత మోకాళ్ళ నొప్పులు తగ్గాయంది. ఆ మాట పాకి, కాలనీలో పెద్దవాళ్ళంతా మా ఫ్రిజ్జు ముట్టుకోవడానికి వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, కాఫీలూ అయ్యేవి. వానలు పడేసరికి మహిమ ఎక్కువైంది. జివ్వుమనేది కాస్తా ఝల్లుమంది. ఫ్రిజ్జే కాదు, గోడలో ఉన్న ఇనప స్విచ్చుల డబ్బా, నీళ్ళ మోటారు డబ్బా కూడా కరవసాగాయి.

"ఏవండీ, ఇంట్లో ఏది ముట్టుకున్నా కరుస్తోందండీ. మీ ఆఫీసు వాళ్ళకి చెప్పరూ?" అంది కనకవల్లి.

డబ్బాలు మండలి ఆస్తి. బయటి మనిషిని పిలిచి మూత తీయించినా నేరమే. అందుకని ఇంజనీరు శేషావతారం గారికి విన్నవించుకున్నాను. ఆయన స్వయంగా వచ్చారు. లావుపాటి రబ్బరు అడుగు ఉన్న బూట్లతో వంటింట్లోకి నడిచి, అరచెయ్యి ఫ్రిజ్జు తలుపుకి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డారు.

"ఏమీ లేదే," అన్నారు. "అమ్మా, మీరు ముట్టుకోండి."

కనకవల్లి వేలు ఆనించి కెవ్వుమంది.

"నాకు లేదు. మీకు ఉంది. యంత్రం ఒకటే. మరి తేడా ఎక్కడుంది?" ఆయన చూపు మెల్లగా కిందికి దిగి కనకవల్లి పాదాల దగ్గర ఆగింది. "లోపం పాదాల్లో ఉందండీ."

ఆయన తెలియనివారు కారు. పెరట్లోకి వచ్చి బూటు తాడు కట్టుకోవడానికి తులసికోట అంచు మీద కాలు పెట్టి నాకు అంతా వివరంగా చెప్పారు. "అసలు సంగతి ఏమిటంటే వీరభద్రం గారూ, ఈ ఇళ్ళకి ఎర్తింగు లేదు. లోపల ఎక్కడో తీగ తొడుగు ఊడి ఇనప ఒంటికి తగిలిందనుకోండి, కరెంటు ఆ ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది. దానికి భూమిలోకి పోవాలని ఒకటే తాపత్రయం. దారి లేక, ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. అదే, భూమిలో ఒక ఇనప గొట్టం లోతుగా దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరి, పైన ఇటుకతో చిన్న గది కట్టి, ఆ గొట్టం నుంచి ఇంటి డబ్బాలకి తీగ లాగామనుకోండి, మనిషి జోలికి రాకుండా ఆ తీగలోంచి పోతుంది. ఎండాకాలంలో చెంబుడు నీళ్ళు పోస్తుండాలి, అంతే. మా సొంతింట్లో పెట్టించాను. దివ్యంగా ఉంది."

"మరి ఇక్కడా పెట్టించండి సార్."

"ఎలా పెట్టిస్తాం? భూమి వివాదంలో ఉంది కదా!"

అది నిజం. మా కాలనీ స్థలం తమ తాతగారిదని ఒక రైసుమిల్లు వారసులు కోర్టుకెక్కారు. తీర్పు వచ్చే వరకు భూమి ఉన్నది ఉన్నట్టుగా ఉండాలనీ, ఎవరూ గడ్డపార దించకూడదనీ కోర్టువారు యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చారు. శేషావతారం గారు తులసి మీద పడిన బూటు మట్టి దులిపి వెళ్ళిపోయారు.

విషయం న్యాయ సలహాదారు సోమయాజులు గారి దగ్గరికి పోయింది. ఆయన సన్నగా, గొంతు పెద్దగా ఉంటారు. ఫైలు చదివి మీటింగులో లేచి నిలబడ్డారు.

"పరిస్థితి మీరనుకున్న దానికంటే గంభీరంగా ఉంది. ఎర్తింగు అనగానేమి? విద్యుత్తును భూమిలోనికి పంపు సాధనము. షాకు తినుచున్న ఉద్యోగి చేయుచున్నదేమి? విద్యుత్తును భూమిలోనికి పంపుట. అనగా షాకు తినిన ప్రతి ఉద్యోగీ ఒక ఎర్తింగే! మండలి వారి విద్యుత్తు, మండలి వారి ఉద్యోగి ద్వారా, వివాదాస్పద భూమిలో ప్రవేశించుచున్నది. ఏ పని చేయరాదని న్యాయస్థానము మనల్ని ఆదేశించినదో, ఆ పనిని ఉద్యోగులు కుటుంబ సమేతంగా చేయుచున్నారు. ఇది కోర్టు ధిక్కారము!"

శేషావతారం గారు టేబులు కింద తన బూట్లు చూసుకుని స్థిమితపడ్డారు. నేను మినిట్స్ రాస్తూ ఒక్క క్షణం ఆగాను. కానీ ఎంత వెతికినా ఆ వాదనలో చిల్లు కనబడలేదు.

భూమిని కదపకూడదు గనక మనుషుల్ని భూమి నుంచి కదపాలని తీర్మానం అయింది. గోనెల మండలికి మొదట తట్టేది గోనె. ఇంటింటికీ మా ముద్ర వేసిన గోనె పట్టాలు పంచారు, వాటి మీద నిలబడే ఏ డబ్బా అయినా ముట్టుకోవాలని. వానాకాలం, వంటిళ్ళు, తడి. గోనె నీళ్ళు తాగి ఉబ్బింది. తడి పట్టా మీద నిలబడి స్విచ్చు వేసిన వాళ్ళకి ఇదివరకటి కంటే గట్టిగా తగిలింది. గోనెలో లోపం ఉందని రాయడానికి వీల్లేదు, ప్రమాణాలు నిర్ణయించేది మేమే. కాబట్టి లోపం మళ్ళీ పాదాల దగ్గరికే వచ్చింది.

అప్పుడు వచ్చింది చెప్పుల ఉత్తర్వు. దాన్ని రాసింది నేనే, నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. "క్వార్టర్ల ఆవరణలో ఏ వ్యక్తియూ, ఏ సమయమునందునూ, ఏ అవయవముతోనూ నేలను ప్రత్యక్షముగా తాకరాదు." ఏ అవయవముతోనూ అన్న మాట సోమయాజులు గారికి బాగా నచ్చింది. మర్నాడే సువార్త తమ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు అప్పుడప్పుడే పాకుతున్నాడు.

"సూపర్నెంటు గారూ, మా బుడ్డోడికి చేతులకి కూడా చెప్పులు తొడగాలంటున్నారండీ. నిజమేనాండీ?"

"నియమం అలాగే ఉందమ్మా."

"మోకాళ్ళకో?"

దానికి ఆఫీసులో స్పష్టత తీసుకున్నాను. మోకాళ్ళకి కూడా కావాలన్నారు. బుడ్డోడు ఆ సామగ్రి అంతా తొడుక్కుని ఒక చోట కూర్చుని ఏడ్చేవాడు.

ఉత్తర్వు అమలుకు పాద పర్యవేక్షణ దళం ఏర్పడింది. వాళ్ళు కర్టెన్ల కింద నుంచి కాళ్ళు చూసేవారు. ఒకరింట్లో వ్రతం పెట్టుకుంటే పురోహితుడు పీటల మీద దంపతుల చెప్పులు చూసి, కలశం అక్కడే వదిలేసి వీధిలో పడ్డాడు. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాక, కర్ర పాంకోళ్ళయితే తనకు అభ్యంతరం లేదన్నాడు. కర్రలోంచి కరెంటు పోదు కాబట్టి మండలికీ అభ్యంతరం లేకపోయింది. ఆ శ్రావణమాసమంతా మా కాలనీ మునిపల్లెలా టకటకలాడింది. కాళ్ళు బెణికిన వాళ్ళకి సెలవు ఇచ్చారు.

వీటన్నిటికీ లొంగనిది మా అమ్మ ఒక్కతే.

"చెప్పులేసుకుని దేవుడికి దణ్ణం పెట్టనా? రేపు పైకెళ్ళాక ఆయన అడిగితే మీ ఇంజనీరొచ్చి చెబుతాడుట్రా సమాధానం?"

"పోనీ పాంకోళ్ళు వేసుకోమ్మా."

"ఈ మోకాళ్ళతోనా? కరెంటుతో పోకపోతే నడుం విరిగి పోవాలని నీ కోరికా?"

చివరికి రెండు పీటలు తీసుకుంది. ఒకదాని మీద నిలబడి రెండోది ముందుకు జరుపుకుంటూ, అలా మందిరం నుంచి ఫ్రిజ్జు దాకా వెళ్ళేది. దళం వాళ్ళు వచ్చినప్పుడు ఒక పీట మీద నిలబడి వాళ్ళకి ప్రసాదం పెట్టేది. పెరట్లో తులసికి మాత్రం వట్టికాళ్ళతోనే నీళ్ళు పోసేది. తులసమ్మ కరవదు కదా అనేది.

శ్రావణ శుక్రవారం పొద్దున, తలస్నానం చేసి తడిబట్టతో, నైవేద్యానికి పెరుగు తీద్దామని అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఆ తొందరలో పీటలు మరిచిపోయింది. నేను హాల్లో పేపరు చదువుకుంటున్నాను. గిన్నె పడిన చప్పుడైంది. తరవాత ఇంకే చప్పుడూ లేదు. కనకవల్లి పరిగెత్తి చూసి, అమ్మను ముట్టుకోకుండా వెనక్కి తిరిగి వచ్చి మెయిను దించేసింది. అంతవరకూ ఫ్రిజ్జు తలుపుకి అతుక్కుని ఉన్న అమ్మ అప్పుడు నేల మీద పడింది.

నేను పేపరు చేతిలో పట్టుకునే గుమ్మం దాకా వచ్చాను. అమ్మ కళ్ళు తెరిచి మా ఇద్దరినీ ఎవరో అన్నట్టు చూసింది. అరచేతిలో చర్మం కాలి నల్లబడింది. నాకు భయం వేసింది, తరవాత సిగ్గు వేసింది.

"ఈసారి బతికారు," అన్నాడు డాక్టరు. "గుండె అసలే బలహీనంగా ఉంది. ఇంకోసారి ఇలాంటిది తగిలితే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశాం. కానీ చెమ్మ పట్టిన గోడల్లో ఇనప డబ్బాలు ఉండనే ఉన్నాయి. లైటు వెయ్యాలన్నా, మోటారు వెయ్యాలన్నా వాటినే ముట్టుకోవాలి. అమ్మను గది దాటి రానివ్వకుండా కనకవల్లి కాపలా కాసేది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. శేషావతారం గారు కుర్చీ చూపించి, అమ్మ ఆరోగ్యం అడిగి, చాలా విచారించి, తాఖీదు ఒకటి రాయమన్నారు.

"ఎవరికి సార్?"

"మీకేనండీ. క్వార్టరు మీ పేర ఉంది కదా."

నేను రాశాను. "మీ తల్లి సీతారావమ్మ, పాదరక్షలు లేకుండా, తడి స్థితిలో, మండలి వారి విద్యుత్తును వివాదాస్పద భూమిలోనికి పంపుచూ అనధికార ఎర్తింగుగా వ్యవహరించినందున..." పొద్దున ఆఫీసులోంచి పంపి, సాయంత్రం ఇంట్లో సంతకం పెట్టి అందుకున్నాను. బాగా రాసిన తాఖీదు. అది చదివాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

విచారణకు అమ్మ కట్టు కట్టిన చేత్తో వచ్చింది. సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు.

"ఫ్రిజ్జు తలుపును తాము పట్టుకొని విడువకపోవుటలో ఉద్దేశమేమి?"

"నేను పట్టుకోలేదు బాబూ. అది నన్ను పట్టుకుంది."

"భూమిని ఇంకా ఎచ్చటెచ్చట పాదములతో తాకుచుందురు?"

"పెరట్లో తులసమ్మ దగ్గర. నీళ్ళు పోసి చుట్టూ తిరుగుతాను."

"ఎంత నీరు?"

"రోజూ చెంబుడు. ఎండాకాలం అయితే రెండు చెంబులు. ఈ ఇంట్లో దిగిన దగ్గర్నించీ ఒక్క పూట మానలేదు నాయనా."

సోమయాజులు గారి కళ్ళు మెరిశాయి. "విన్నారు కదా! విద్యుత్తు సుఖంగా ప్రవేశించుటకు వీలుగా వివాదాస్పద భూమిని నిత్యమూ తడుపుచున్నారు. ఇది ఒకనాటి ప్రమాదము కాదు. ముందస్తు పథకము!"

కాలనీలో కోటలన్నిటినీ తొలగించాలని ఉత్తర్వు అయింది. మొదట మాది. నేల పైనున్న ఇటుకలు తీస్తే గడ్డపార దించినట్టు కాదని సోమయాజులు గారు అభయమిచ్చారు. నేను లేచి, "అయ్యా, పెద్దావిడ పూజ చేసుకునే కోట..." అన్నాను. నా ఉద్యోగంలో పై అధికారి మాటకు అడ్డం చెప్పడం అదే మొదలు. ఎవరూ వినిపించుకోలేదు.

రిక్షాలో అమ్మ కళ్ళు తుడుచుకుంది. "కరెంటు పట్టుకున్నప్పుడు కూడా ఏడవలేదురా నేను. చెట్టేం చేసింది వాళ్ళని?"

కూల్చే రోజున శేషావతారం గారూ, సోమయాజులు గారూ, దళం వాళ్ళూ అంతా వచ్చారు. కాలనీ మొత్తం గోడల మీంచి చూస్తోంది. అమ్మ తనే వంగి, తులసిని వేళ్ళతో సహా పెకలించి ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని పక్కన నిలబడింది. కూలీలు ఇటుకలు తీశారు. పై మట్టి జారింది. కింద నల్లగా బొగ్గు, మధ్యలో తెల్లటి ఉప్పు చారలు.

"చూశారా, నేను చెప్పలా? హోమం చేశారు," అంది అమ్మ.

శేషావతారం గారు బొగ్గు ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపారు. ఉప్పు కాస్త నాలిక మీద వేసుకున్నారు. కూలీ ఒకడు గొట్టం పట్టుకుని లాగాడు. ఇంకొకడు సాయం వచ్చాడు. అది వెంట్రుక వాసి కదల్లేదు.

"లాగకండి!" అని అరిచారు ఇంజనీరు గారు. ఆయన ముఖం పాలిపోయింది. మెయిను దగ్గర్నుంచి బల్బు తగిలించిన కరెంటు తీగ ఒకటి తెప్పించి, రెండో కొస తనే స్వయంగా గొట్టానికి ఆనించారు. బల్బు ధగధగా వెలిగింది. పట్టపగలు అందరి ముఖాల మీదా ఆ వెలుతురు కనబడింది.

ఆయన నా పక్కకు వంగి మెల్లగా అన్నారు. "కరెంటు భూమిలోకి పోతోంది. ఎర్తింగేనండీ. ఇళ్ళు కట్టినప్పుడే పెట్టారు. గోడలకి సున్నాలు వేసినప్పుడు ఎవడో తీగ తెంపేసి ఉంటాడు. మా ఇంట్లో దానికి కూడా బల్బు ఇంతలా వెలగదు."

"మీ ఇంట్లో దానికి నీళ్ళెవరు పోస్తారు సార్?"

గోడ మీంచి సువార్త కేక వేసింది. "అయితే మా గులాబీ కిందున్నదీ అదేనాండీ?"

అందరి చూపూ ఒకేసారి ఎవరి పెరటి వైపు వాళ్ళకు తిరిగింది. గులాబీ కోట, కరివేపాకు కోట, బూడిద కోట. వాటి మధ్య తీగల మీద ఆరుతున్న చీరలు, లుంగీలు.

సోమయాజులు గారు ఇటుకల కుప్ప మీద కూలబడ్డారు. "ఎంత పని జరిగింది! ఉత్తర్వు నాటికే ఇచ్చట ఎర్తింగు ఉన్నది. అనగా దానిని యథాతథంగా కాపాడవలసిన బాధ్యత మనది. దానిని మనమే పగలగొట్టితిమి. కోర్టు ధిక్కారము చేసినది ఆ వృద్ధురాలు కాదు. మనము!"

"ఇప్పుడేం చేద్దాం?" అన్నారు శేషావతారం గారు.

"సాయంత్రం లోగా పూర్వస్థితి! ప్రతి ఇటుకా, ప్రతి బొగ్గూ, ఆ మొక్క సహా!"

నేను ఇన్నేళ్ళూ తాఖీదుల్లో మనుషుల్ని ఇరికించిన విద్య ఒకటుంది. అది ఆ పూట నాకు పనికొచ్చింది.

"అయ్యా, చిన్న సందేహం. పూర్వస్థితి అంటే ఏ స్థితి? ఎర్తింగు అన్నాక గొట్టం, తీగ, డబ్బా మూడూ కలిసి ఉండాలి కదా. తీగ మా దండెంగా ఉండిపోతే అది సగం స్థితి అవుతుంది. రేపు మిల్లు వారసులు మిగతా సగం ఏదని అడిగితే?"

సోమయాజులు గారు నా వైపు భయంగా చూశారు. "కలపండి," అన్నారు. "అన్ని ఇళ్ళకూ కలపండి. వెంటనే!"

కనకవల్లి దండెం మీది బట్టలు తీసేలోపే మనుషులు వచ్చి తీగ విప్పారు. కిటికీ ఊచకు రెండడుగుల పక్కన, సున్నం కింద తెగిన తీగ మొదలు దాక్కుని ఉంది. రెండూ కలిపి బిగించారు. ఫ్రిజ్జు ప్లగ్గు పెట్టగానే ఠప్పున ఫ్యూజు ఎగిరింది. ఇదివరకు మనిషి ఎగిరేవాడు, ఇప్పుడు ఫ్యూజు ఎగిరింది, తేడా అంతే. మెకానిక్కు వచ్చి ఫ్రిజ్జు వెనకవైపు తొడుగు ఊడి ఇనుముకి తగులుతున్న తీగ చూపించి, మార్చి వెళ్ళాడు.

సాయంత్రం అమ్మ వంటింట్లోకి వచ్చింది. వట్టికాళ్ళు. నేను వద్దనబోయాను, కనకవల్లి నా చెయ్యి పట్టుకుంది. తను మెయిను పక్కనే నిలబడి ఉంది. అమ్మ కట్టు లేని చెయ్యి చాచి ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంది. అలాగే ఉంచింది.

"ఏమీ లేదురా," అంది. మోకాలు తడుముకుని, "మోకాళ్ళే మళ్ళీ సలుపుతున్నాయి," అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంత జరిగాక చెప్పుల ఉత్తర్వు రద్దయి ఉంటుందని మీరనుకుంటారు. రద్దు చెయ్యాలంటే ఎందుకు పెట్టామో రాయాలి. ఎందుకు పెట్టామో రాయాలంటే ఇన్నాళ్ళూ ఎర్తింగు మీద కాలు పెట్టి బూటు తాడు కట్టుకున్నామని రాయాలి. కాబట్టి మా కాలనీలో షాకులు పూర్తిగా పోవడానికి కారణం చెప్పులేనని వార్షిక నివేదికలో రాశారు. శేషావతారం గారికి శాలువా కప్పారు. కోటల్ని సాంస్కృతిక కట్టడాలుగా నమోదు చేసి, కుల మత భేదం లేకుండా అందరూ రోజూ నీళ్ళు పొయ్యాలని ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. చెప్పులు వేసుకుని మాత్రమే పొయ్యాలి.

మొన్న దయానందానికి బదిలీ అయింది. పక్క జిల్లాలో మండలి కొత్తగా క్వార్టర్లు కట్టించింది. మా కాలనీని ఆదర్శంగా తీసుకుని కట్టామని గొప్పగా చెప్పుకున్నారు. దయానందం ముందు వెళ్ళి చూసి వచ్చాడు.

"ఇళ్ళు బాగున్నాయండీ. పెరట్లో కోటలు మాత్రం లేవు. అడిగితే, సాంస్కృతిక కట్టడాలకి ఈ ఏడు నిధుల్లేవన్నారు. చెప్పులు మాత్రం వచ్చేశాయండీ, గది నిండా. పాకే పిల్లలకి చేతులవి కూడా."

సామాను లారీకి ఎక్కించాక సువార్త చెప్పి వెళ్ళడానికి వచ్చింది. చంకలో బుడ్డోడు, చేతిలో గులాబీ అంటు. అమ్మ పీట మీంచి లేచింది. కాలిన మచ్చ ఉన్న అరచెయ్యి పిల్లాడి తల మీద పెట్టి కాసేపు నిమిరింది.

"వెళ్ళొస్తాను మామ్మగారూ. అక్కడ ముందు ఈ గులాబీ నాటుకుంటాను. దాన్ని చూస్తే మీరు గుర్తొస్తారు."

"గులాబీ తరవాత నాటుకోవచ్చే తల్లీ," అంది అమ్మ. "ముందు వాళ్ళ పీకల మీద కూర్చుని, ఇనప గొట్టం పాతించుకో. అప్పటిదాకా పిల్లాణ్ణి నేల మీద దింపకు."